గాలికి ఎగువన అయిదు సెంట్లు

ఆ రోజు నేను ఒక ముసలావిడకి అబద్ధం చెప్పాను. "మీ పొత్తులకేం కాదు మామ్మ గారూ, గింజ పడుతుంది" అన్నాను. పడదని నాకు తెలుసు. ఎందుకు పడదో కూడా తెలుసు. అది తెలిసినందుకే కంపెనీ నాకు జీతమిచ్చేది.

తెలియక చేసిన తప్పులు నా జీవితంలో చాలా ఉన్నాయి. గుర్తొస్తే సిగ్గేస్తుంది, కాసేపటికి పోతుంది. ఇది పోలేదు. అందుకని ఇన్నేళ్ళ తరవాత కాగితం మీద పెడుతున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. నేనొక మొక్కజొన్న విత్తనాల కంపెనీలో ఫీల్డు సూపర్‌వైజరుని. పట్టిసీమ రేవుకి కాస్త దిగువన, గోదారి పడమటి ఒడ్డున అరవై ఎకరాలు నా అజమాయిషీలో ఉండేవి. అంతకు ముందు అక్కడ పొగాకు, మిరప, అపరాలు వేసేవారు. మూడేళ్ళలో అంతా మొక్కజొన్నే అయింది. భూమి రైతులది, విత్తనం కంపెనీది, ఎప్పుడు విత్తాలో ఎప్పుడు కోయాలో చెప్పే నోరు నాది. పండిన గింజ తినడానికి పనికొచ్చేది కాదు. అది సంచుల్లోకెక్కి ఎక్కడికో పోయి, మరెవరో రైతుల చేలలో విత్తనమయ్యేది. వాళ్ళు పండించింది కోళ్ళ మేతకి పోయేది. మా చేలో పుట్టింది మనిషి నోటి దాకా వచ్చేసరికి కోడిగుడ్డయి ఉండేది.

ఆ విత్తనం ఎలా పుడుతుందో కొంచెం చెప్పాలి. లేకపోతే నేను చేసింది ఏమిటో తెలియదు. మొక్కజొన్న మొక్కకి తల మీద జల్లు ఉంటుంది. అది మగ పువ్వు. ఎండ ఎక్కాక దాని పుప్పొడి గాలికి రాలి, మొక్క నడుము దగ్గరున్న పొత్తు పీచు మీద పడుతుంది. పీచులో ఒక్కొక్క పోగుకి ఒక్కొక్క గింజ. ఏ పోగు మీద పుప్పొడి పడలేదో పొత్తులో ఆ గింజ చోటు ఖాళీ. మా చేలల్లో రెండు రకాలు పక్కపక్కన వేసేవాళ్ళం. నాలుగు సాళ్ళు ఆడవి, ఒక సాలు మగది. ఆడ సాళ్ళలో ప్రతి మొక్కకీ జల్లు విచ్చుకోక ముందే చేత్తో పీకి పారేయాలి. అప్పుడు ఆ పొత్తుల మీద పక్క మగ సాలు పుప్పొడి తప్ప ఇంకోటి పడదు. ఒక్క తల మిగిలిపోయినా, దగ్గర్లో ఇంకో మొక్కజొన్న పూసినా, విత్తనంలో కల్తీ వచ్చినట్టే. అందుకే చేను చుట్టూ నాలుగు వందల మీటర్ల దూరంలో వేరే మొక్కజొన్న అనేది ఉండకూడదని నియమం.

జల్లులు తీసే పని ఆడవాళ్ళది. తెల్లవారుతూనే తలకి గుడ్డలు చుట్టుకుని, నడుం దాకా మంచులో తడుస్తూ సాళ్ళలోకి దిగేవారు. వాళ్ళ మేస్త్రి నలభై ఏళ్ళ మనిషి. ఆదివారం గుడికి వెళ్ళడం, మిగిలిన రోజుల్లో నన్ను ఆటపట్టించడం ఆవిడ ఏనాడూ మానలేదు.

"ఏంటండీ సూపర్‌వైజరు గారూ, మీ కంపెనీ న్యాయం! ఆడోళ్ళ తలలేమో పీకేయాలి, మగోడి జోలికెళ్ళకూడదు" అనేది.

"మగాడి గతీ చూద్దువు గానీ ఆగు. పని అయిపోగానే మొదలంటా నరికేస్తాం" అనేవాణ్ణి.

"ఆయ్! అదైతే బాగానే ఉందండి. మా వీధిలో కూడా పెట్టండి ఆ రూలు" అనేది. సాళ్ళలోంచి నవ్వులు వినబడేవి. మనుషులు కనబడేవారు కాదు.

ఆ నవ్వులు ఆగిపోయాక చేను ఎలా ఉండేదో చెప్పడం కష్టం. అరవై ఎకరాలూ ఒకే ఎత్తు. ఒకే రోజున పూతకి రావాలి, వచ్చేది. ఆడదానికి పేరు లేదు, సంచి మీద ఒక అంకె. మగదానికి ఇంకో అంకె. ఏది ఎక్కడ పుట్టిందో రైతుకీ తెలియదు, నాకూ తెలియదు. పురుగు పట్టకుండా మొవ్వులో విషపు గుళికలు వేయించేవాళ్ళం. ఉత్త వేళ్ళతో చిటికెడు చిటికెడుగా వేసుకుంటూ పోయేవారు ఆడవాళ్ళు. మధ్యాహ్నానికి కళ్ళు తిరుగుతున్నాయని గట్టు మీద కూలబడేవారు. మజ్జిగ ఇప్పించేవాణ్ణి. ఒక పొద్దున్న కాలవ గట్టున వరసగా పడి ఉన్న చిలకల్ని చూశాను. కాలితో నీళ్ళలోకి తోసి ముందుకెళ్ళాను. పిట్ట అరుపు లేని చేనులో ఆకుకి ఆకు రాసుకునే చప్పుడు ఒకటే ఉంటుంది. వెనక ఎవరో నడుస్తున్నట్టు ఉంటుంది. నేను చాలాసార్లు వెనక్కి తిరిగి చూశాను.

విత్తే ముందు చేను చుట్టూ నడిచి, నాలుగు వైపులా వేరే మొక్కజొన్న లేదని చూసి, రిపోర్టు మీద సంతకం పెట్టాలి. ఉత్తరం, దక్షిణం, పడమర తిరిగాను. తూర్పున ఏటి ఒడ్డంతా రెల్లు. మనిషెత్తు రెల్లు దాటి పోతే ఇసక, ఇసక దాటితే గోదారి. ఉతికిన చొక్కా వేసుకుని ఉన్నాను. అటు ఏముంటుందిలే అనుకుని మోటారు సైకిలు సీటు మీద కాగితం పెట్టి సంతకం చేశాను. ముందు తప్పు అది. మిగిలినవన్నీ దాన్ని కప్పిపుచ్చడానికి చేసినవి.

సంక్రాంతి వెళ్ళిన వారానికి మా ఆడ సాళ్ళు పీచు వేశాయి. ఆ పొద్దున్న మేస్త్రి నా దగ్గరికి వచ్చింది. ఆ రోజు వేళాకోళమాడలేదు.

"రెల్లు అవతల ఎవరిదో మొక్కజొన్న ఉందండి. జల్లులొచ్చేసినయ్యి. రేపో ఎల్లుండో దుమ్ము రాలుద్ది" అంది.

రెల్లు చీల్చుకుని పోయాను. మా ఆఖరి సాలు నుంచి గట్టిగా రాయి విసిరితే పడేంత దూరంలో, ఏటి వాలులో చిన్న మడి. అయిదు సెంట్లుంటుంది. మొక్కలు పొట్టిగా, ఎడాపెడా, ఒకటి ముందు ఒకటి వెనక పెరిగి ఉన్నాయి. మధ్యమధ్య బొబ్బర్లు అల్లుకున్నాయి. నా మొహాన తూర్పు గాలి కొడుతోంది. ఏటి మీద నుంచి వచ్చి, ఆ మడి మీదుగా, తిన్నగా మా చేలోకి పోతోంది.

మడి గట్టున పూరిపాక. బయట ఒక ముసలావిడ పొయ్యి ఊదుతోంది. ఆవిడ భర్త ఒకప్పుడు పట్టిసీమ రేవులో పడవ నడిపేవాడట. పోయాక ఆ పాకలో ఒంటరిగా ఉంటోంది. శివరాత్రి తీర్థానికి రేవు దాటి ఏటి మధ్య గుడికి పోయే జనానికి ఉడకబెట్టిన పొత్తులు అమ్ముతుంది. శివరాత్రికి అందేటట్టు లెక్క చూసుకుని మార్గశిరంలో విత్తుతుంది. ఇదంతా ఆవిడే చెప్పింది, నేను అడగకుండానే. మనిషి వస్తే ఆవిడకి సంతోషం.

"కూకో బాబూ. కంపెనీ బాబువా? నిన్ను సూత్తానే ఉంటాను, బండి మీద తిరుగుతా ఉంటావు" అంది. "మా సేను సూసేవా? తెల్ల పొత్తు ఇది. మా అత్త నా సేతిలో పెట్టింది. ముత్తెంలాగుంటాది గింజ. నీ కంపెనీది పసుపచ్చంట గదా?"

"అవునండి."

"మొన్న వరదకి పాకలోకి నీళ్ళొచ్చేసినయ్యి. పొయ్యి మీద పొగలో యేలాడగట్టిన పొత్తులన్నీ కుళ్ళిపోగా మూడు మిగిలినయ్యి. ఆ మూడూ ఒలిచి యేసేసేను. ఇదిగో, ఇయ్యే."

అంటే ఆ జాతి విత్తనం ఆవిడ దగ్గర ఇంకేమీ లేదు. ఆ అయిదు సెంట్లలో నిలబడినదే మొత్తం. ఈ మాట నేను విన్నాను. వినలేదని చెప్పుకోవడానికి వీల్లేదు.

నాకున్న దారులు మూడు. మా ఆఫీసరుకి నిజం చెప్పడం ఒకటి. చెబితే నేను నడవకుండా సంతకం పెట్టిన సంగతి బయటపడుతుంది. రెండోది, ఆవిడ మొక్కల జల్లులకి కాగితం సంచులు కట్టి, పుప్పొడి బయటికి పోకుండా పట్టి, దాన్ని ఆవిడ పొత్తుల మీదే దులపడం. ఆ పని శిక్షణలో నాకు నేర్పారు. అన్నిటికీ కుదరకపోయినా, వంద మొక్కలకి చేసి మిగిలినవాటి జల్లులు పీకేసినా విత్తనం నిలిచేది. పది పొద్దుల పని. మూడోది, ఆవిడ జల్లులన్నీ ఆ పూటే పీకించేయడం. అది గంట పని.

"మామ్మ గారూ, ఈ జల్లులు తీసేయాలండి" అన్నాను.

ఆవిడ నవ్వింది. "తలకాయలు తీసేత్తే ఎలా బతుకుతాయి బాబూ?"

"బతుకుతాయండి. మా చేలో చూడండి, అన్నీ తీసేశాం, నిక్షేపంలా ఉన్నాయి."

"మరి గింజెలా పడుద్ది?"

"మా మగ సాళ్ళున్నాయి కదండి. వాటి దుమ్ము గాలికి వచ్చి మీ పొత్తుల మీద పడుతుంది. మీ పొత్తులకేం కాదు మామ్మ గారూ, గింజ పడుతుంది."

గాలి ఆవిడ వైపు నుంచి మా వైపు వస్తోంది కాబట్టే నాకు భయం. ఆ గాలే మా పుప్పొడిని ఆవిడ వైపు పోనివ్వదు. ఈ రెండు ముక్కలూ ఒకటే ముక్క. ఒకటి నమ్మి రెండోది తెలియదనడం కుదరదు.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "వద్దులే బాబూ. ఎప్పుడూ అలాగ సెయ్యలేదు" అంది.

అప్పుడు నేనన్న మాట, అన్నింటికన్నా ఎక్కువ బాధపెట్టేది. "ఈ నేల మీ పేరున ఉందాండీ?" అన్నాను. గొంతు పెంచలేదు. మర్యాదగానే అన్నాను. అది ఏటి పోరంబోకు అని ఇద్దరికీ తెలుసు. ఆవిడ పొయ్యి దగ్గర నుంచి లేచి, పాక లోపలికి వెళ్ళి, తడిక వేసుకుంది.

మేస్త్రి తన మనుషుల్ని పిలుచుకొచ్చింది. మడి గట్టు మీద నిలబడి నాతో నెమ్మదిగా అంది. "ఆవిడ ఒప్పుకుందాండీ?"

"ఒప్పుకుంది."

"నోటితో అన్నదా?"

"పని కానివ్వమ్మా. ఎండెక్కితే దుమ్ము రాలుతుంది."

మేస్త్రి నా మొహంలోకి చూసి మడిలోకి దిగింది. ఆడవాళ్ళు వెనకే దిగారు. మొవ్వులోంచి జల్లు ఊడేటప్పుడు చిన్న చప్పుడు వస్తుంది, తడి వేళ్ళ మెటికలు విరిచినట్టు. ఆ చప్పుడు ఒక్కటే వినబడింది. పీకినవాటిని కట్టలు కట్టించి ఏట్లో పారేయించాను. ఒక్క జల్లు కూడా గట్టు మీద ఉండకూడదని మళ్ళీ తిరిగి చూసుకున్నాను. అలాంటి విషయాల్లో నేను చాలా జాగ్రత్తపరుణ్ణి.

ఆ మూడు నాలుగు వారాలు నేను రెల్లు వైపు వెళ్ళలేదు. మా చేలో అంతా సవ్యంగా జరిగింది. ఆఫీసరు జీపులో వచ్చి, అక్కడక్కడ పొత్తులు ఒలిచి చూసి, బాగుందన్నాడు. పూత అయిపోగానే మగ సాళ్ళు నరికించాం. చేను మధ్యలో పొడుగ్గా ఖాళీ సందులు ఏర్పడ్డాయి. వాటిలో నిలబడితే ఈ చివర నుంచి ఆ చివరకి కనబడుతుంది. రెండు పక్కలా తలలు లేని మొక్కలు, ఒకే ఎత్తున, నడుముకి ఒక్కొక్క పొత్తుతో. పొద్దు వాలుతుంటే మొక్కల నీడలు ఖాళీ సందుల్లోకి సాగేవి. నాకు అక్కడ ఎక్కువసేపు ఉండబుద్ధయ్యేది కాదు. పనుందని ఏదో సాకు చెప్పుకుని గట్టెక్కేసేవాణ్ణి.

శివరాత్రి వచ్చింది. రేవంతా జనం. పడవలు నిండి అవతలికి పోతున్నాయి, ఖాళీగా వస్తున్నాయి. బొమ్మలవాళ్ళు, చెరుకుగడలవాళ్ళు, చిలగడదుంపలవాళ్ళు. నేను కంపెనీ స్నేహితులతో వెళ్ళాను. రేవు మెట్ల పక్కన ఆవిడ ఎప్పుడూ కూర్చునే చోటు ఎవరో చూపించారు. అక్కడ ఇంకెవరో ప్లాస్టిక్ కళ్ళద్దాలు అమ్ముతున్నారు.

పడవ ఎక్కలేకపోయాను. కడుపులో ఏదో నొప్పి అని చెప్పి వెనక్కి వచ్చి, రెల్లులోంచి పాక దగ్గరికి వెళ్ళాను.

ఆవిడ గడప బయట కూర్చుని పొత్తులు ఒలుస్తోంది. పక్కన తట్టలో ఒలిచినవి కుప్పగా ఉన్నాయి. ఒకటి తీసి నా చేతికిచ్చింది. పొత్తు నిండా గింజల గుంతలు, గింజలు లేవు. బోసి చిగుళ్ళలాగ ఉంది. అక్కడొకటి అక్కడొకటి, మొత్తం పొత్తుకి ఏడో ఎనిమిదో గింజలు. అవి తెల్లగా లేవు. లేత పసుపు. ఎప్పుడో ఒక పూట గాలి తిరిగినప్పుడు మా మగ సాళ్ళ పుప్పొడి ఇంత అటు పోయినట్టుంది. తెల్ల పొత్తు మీద పసుపు పుప్పొడి పడితే గింజ ఆ సంవత్సరమే రంగు మారుతుంది. మా కంపెనీ ఆవిడ పాకలోకి వచ్చి కూర్చున్నట్టే ఉంది, పొత్తుకి ఏడేసి గింజలుగా.

"సూడు బాబూ" అంది. "అన్నీ ఇలాగే. గొడ్డు పోయినయ్యి. నా సెయ్యి సెడిపోయింది."

"చెయ్యేమిటండి?"

"యిత్తే సెయ్యి. మా అత్త అనేది, నీ సెయ్యి సల్లటిది, ఇసకలో ఏసినా మొలుత్తాదని. వరదలో మిగిలిన గింజ ఏసేను గదా. గంగమ్మ వదిలేసింది తియ్యకూడదేమో. నాకే తెలవలేదు. తప్పు నాదే."

ఆ పొత్తు తట్టలో పెట్టేసి, వస్తానండి అని చెప్పి వచ్చేశాను. అంతే. ఆవిడ తప్పు తనదనుకుంటోందని విని కూడా వచ్చేశాను. రెండు రోజులు అన్నం తినబుద్ధి కాలేదు. మా ఆవిడ ఒంట్లో బాగులేదా అని అడిగితే కసిరాను. మూడో రోజు పొద్దున్న వెళ్ళాను. మేస్త్రిని కూడా రమ్మన్నాను. ఒక్కణ్ణే ఉంటే మళ్ళీ ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటానని నాకు నా మీద అనుమానం.

నిలబడే చెప్పాను. నడవకుండా సంతకం పెట్టిన సంగతీ, గాలి సంగతీ, గింజ పడదని తెలిసే పడుతుందన్న సంగతీ.

ఆవిడ తన అరచెయ్యి తిప్పి చూసుకుంది. తరవాత, "అయితే నా సెయ్యి మంచిదే" అంది.

"మంచిదేనండి. మీ తప్పేం లేదు."

ఆవిడ మొహం తేటపడింది. నిజంగా సంతోషించింది. ఒక్క నిమిషం. ఆ తరవాత కోపం వచ్చింది. "గాలెటు నుంచొత్తాదో తెలిసే సెప్పేవన్నమాట! నేను సదువుకోలేదు గానీ గాలి నాకూ తెలుసు. నువ్వు సదువుకున్నోడివని నమ్మేను. నేలెవరిదని అడిగేవు గదా, గోదారిది. నడువు, నా గడపలోంచి."

తిరిగి వస్తుంటే మేస్త్రి అంది, "మా సేతులతోనే పీకించేరు గదండీ" అని.

ఆఫీసరుకి కూడా చెప్పాను. పోతే ఉద్యోగం పోతుందనే చెప్పాను. ఆయన టీ తాగుతూ విని, "ఇంతేనా? అప్పుడే చెబితే తూర్పు అంచున నాలుగు సాళ్ళు వదిలేసి కోయించేవాళ్ళం కదయ్యా. ఆ నాలుగు సాళ్ళూ గేదెలకి మేపుకునేవారు" అన్నాడు. మళ్ళీ టీ తాగాడు. ఉద్యోగం పోలేదు. ఆవిడ అత్తగారి నుంచి వచ్చిన విత్తనాన్ని నేను నాలుగు సాళ్ళ కోసం, అదీ ఎవరూ అడగని నాలుగు సాళ్ళ కోసం నాశనం చేశాను.

దిద్దుకోవడం అనే మాట పెద్దది. చేసింది చెబుతాను.

ముసలావిడ నాతో మాట్లాడకపోయినా మేస్త్రితో మాట్లాడేది. ఎవరికైనా ఎప్పుడైనా ఆ గింజ ఇచ్చిందా అని మేస్త్రి చేత అడిగించాను. గింజ అమ్మకూడదు, అడిగితే లేదనకూడదు, అది వాళ్ళ అత్త పెట్టిన కట్టడి. చాలా ఏళ్ళ కిందట పైనుంచి తీర్థానికి కొండచీపుళ్ళు అమ్మడానికి వచ్చే ఒకామెకి గుప్పెడు ఇచ్చిందట. ఊరి పేరు తెలియదు. లాంచీలో పోతే కొండలు దగ్గరపడ్డాక ఎడమ వైపు రేవు అని మాత్రం గుర్తుంది.

మూడు ఆదివారాలు లాంచీలో పైకి వెళ్ళాను. మొదటి రెండుసార్లూ తప్పు రేవుల్లో దిగి, సాయంత్రం లాంచీకి వెనక్కి వచ్చాను. మూడోసారి చీపుళ్ళామె కోసం అడుగుతూ పోతే, కొండ మీద ఒక ఇంట్లో, పొయ్యి పైన పొగలో నల్లబడిన పొత్తులు వేలాడుతుంటే చూశాను. గోటితో మసి గీకితే కింద తెలుపు. ఆ ఇంటామె నన్ను ఎగాదిగా చూసి, "కంపెనీ మనిషివా?" అని అడిగింది. అవునని, గింజ కావాలన్నాను. "ఇయ్యను" అంది. ఎవరి కోసమో, ఎందుకో, నేనేం చేశానో అంతా చెప్పాను. అది చెప్పడం రెండోసారికి కూడా తేలిక కాలేదు. ఆమె రెండు పొత్తులు తెంపి ఇచ్చింది. "ఆమెకే. నీకు కాదు" అంది.

వాటిని గోదారి ఒడ్డున వెయ్యడానికి లేదు. మైళ్ళ పొడవునా కంపెనీల మొక్కజొన్నే. మా ఆవిడ పుట్టిల్లు రామచంద్రపురం దగ్గర. అక్కడ ఎటు చూసినా వరి, వరి దాటితే కొబ్బరి. నాలుగు వందల మీటర్లు కాదు, నాలుగు ఊళ్ళు దాటినా మొక్కజొన్న మొక్క కనబడదు. తొలకరికి మామ గారి మెరక దిబ్బ మీద కొంత చోటు అడిగాను.

"వరి చేల నడుమ మొక్కజొన్నేంటి అల్లుడు గారూ? చిలకలకి అన్నదానమా?" అన్నారాయన.

"తిననివ్వండి మామయ్య గారూ. గుళికలు మాత్రం వెయ్యకండి" అన్నాను.

ప్రతి ఆదివారం బస్సులో వెళ్ళి కలుపు తీసుకున్నాను. పూత రోజుల్లో పది రోజులు సెలవు పెట్టి అక్కడే ఉన్నాను. జల్లులకి కాగితం సంచులు కట్టి, పుప్పొడి పట్టి, నా చేత్తో పొత్తు పొత్తుకీ దులిపాను. చిలకలు కొన్ని తిన్నాయి, కొన్ని వానకి పడిపోయాయి. కొండ మీద ఏ రకంతో కలిసిందో, ఎర్ర గింజలున్న పొత్తులు కొన్ని వచ్చాయి, వాటిని పక్కన పెట్టాను. మిగిలినవి ఎండబెట్టి, కార్తీకం వెళ్ళేలోగా ముసలావిడ గడప ముందు దించాను. సగం గోనెసంచి.

ఆవిడ రమ్మనలేదు, పొమ్మనలేదు. ఒక గింజ తీసి పళ్ళ కింద పెట్టి కొరికింది. ఇంకో పొత్తు తీసింది. "కొండ గింజ ఇది. మాదానికన్నా కొంచెం గట్టి" అంది. "మాదే గానీ, కొండెక్కి వచ్చింది." తరవాత సంచి నా వైపు తోసి, "ఒలుపు" అంది. కింద కూర్చుని సాయంత్రం దాకా ఒలిచాను. ఆవిడ ఏరుతూ ఉంది. ఏరి పారేసినవాటిని చూపించి ఎందుకో చెప్పింది కూడా, ఒకటి రెండింటికి.

ఆ ఏడాది ఏటి ఒడ్డు రైతులు ఇద్దరి ఇళ్ళకీ వెళ్ళి, రెల్లు వైపున్న చేలలో మొక్కజొన్న మాని మినుము వేసుకోమని బతిమాలాను. ఒకాయన ఒప్పుకున్నాడు, ఒకాయన ఒప్పుకోలేదు. ఒప్పుకోని ఆయన చేలో అంచు నాలుగు సాళ్ళూ ఆఫీసరుతో చెప్పి విత్తనానికి తీయకుండా వదిలేయించాను, అయినా గాలి తిరిగినప్పుడు ఆ చేను వల్ల ఆవిడ మడికి ఇంకా ప్రమాదమే. అందుకని కంపెనీ ఉద్యోగం మానేసేదాకా, నాలుగేళ్ళు, పూత వచ్చిన ఆ పది రోజులూ తెల్లవారుతూనే ఆవిడ మడిలోకి దిగి, వంద మొక్కల పొత్తులకి పీచు బయటికి రాకముందే కాగితం సంచులు కట్టాను. ఎండెక్కాక ఆవిడ జల్లులే దులిపి, పుప్పొడి పట్టి, సంచి ఎత్తి పొత్తు మీద చల్లి, మళ్ళీ కట్టి, అప్పుడు మా చేలోకి పనికి వెళ్ళేవాణ్ణి.